కుడివైపు థీసియస్

సిమోన్‌ను పట్టపగలే, కుమ్మరివాడంతా భోజనాలకి వెళ్ళిన వేళ చూసి చంపారు.

ఏథెన్స్‌లో పాత్రల మీద బొమ్మలు వెయ్యడంలో అతన్ని మించినవాడు లేడు. నల్లపూత నానబెట్టిన తొట్టి మీదికి వంగి, చిక్కబడిందో లేదో అని వేలు ముంచి చూస్తున్నాడు. వెనకనుంచి ఒక చెయ్యి జుట్టు దొరకబుచ్చుకుని అతని తలని పూతలో ముంచింది. సిమోన్ బక్కమనిషి. కాళ్ళు రెండుసార్లు నేలకేసి కొట్టుకున్నాయి. బుడగలు పైకొచ్చాయి, ఆగిపోయాయి. ఆ చెయ్యి అంతటితో ఊరుకోలేదు. శవాన్ని పైకి లాగి, నాలుక కోసి, మళ్ళీ తొట్టిలోకి తోసేసి వెళ్ళిపోయింది.

అదే సమయానికి అంగట్లో చేపల వరుస దగ్గర మెనోన్ ఈగలు తోలుకుంటూ నిలబడ్డాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు. కుడిచేతికి మూడే వేళ్ళు. మిగతా రెండింటినీ పదేళ్ళ కిందట మారథాన్ మైదానంలో ఒక పారశీకుడి కత్తి పట్టుకుపోయింది. అంతకుముందు సిమోన్ పక్కనే కూర్చుని బొమ్మలు వేసేవాడు. ఇప్పుడు పైకి పగిలిన కుండలకి సీసం అతుకులేసుకునే మనిషి. లోపల మాత్రం నగర మండలికి సీక్రెట్ ఏజెంట్.

"ఈల్ చేప ఉందా?" అన్నాడు.

"కోపాయిస్ సరస్సు దారి మూసేశారు. ఉప్పుచేప తిను."

"ఉప్పు తింటే దాహం."

"దాహం వేసినవాడే నడుస్తాడు."

కోడ్ సరిపోయింది. చేపలమ్మే థ్రాసియాస్ గడ్డం నిండా పొలుసులే. ఏథెన్స్ గూఢచారి దళానికి అధిపతి ఆయనే అంటే ఇంట్లో పెళ్ళామే నమ్మదు. చేప కడుపు చీరుతూనే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"విందుల్లో మూడు హత్యలయ్యాయిరా. పోయిన ముగ్గురూ ఓడలు కట్టించాలన్నవాళ్ళే. చంపినవాళ్ళు ముగ్గురూ మూడు రకాలు. ఎవణ్ని చంపుతున్నారో వాళ్ళకే తెలీదట! ముఖం తెలీదు, పేరు తెలీదు. ఒకడు చచ్చేముందు 'ఎద్దుతల' అన్నాడు. ఆ తర్వాత ఎంత తన్నినా నోట మాట లేదు."

"పారశీకుల గూఢచారి రింగా, బాబాయ్?"

"ఇంకెవరిది, మా అత్తగారిదా? మహారాజు సేన థెస్సలీ దాటింది. రేపు సభలో తిమాండ్రోస్ లేచి, ఊరు ఖాళీ చేసి జనాన్ని సలమీస్ దీవికి ఓడల్లో దాటిద్దామంటాడు. ఆ మాట చెప్పి ఒప్పించగలిగినవాడు అతనొక్కడే. ఒప్పుకోకపోతే ఆడా మగా పిల్లా జెల్లా అందరం ఈ గోడల మధ్యే కాలిపోతాం. నిన్ననే లెమ్నోస్ నుంచి దిగాడు, ఊళ్ళో ఎవరికీ ముఖం తెలీదు. ఈ సాయంత్రం పొలిక్లెస్ ఇంట్లో విందుకి వెళ్తున్నాడు."

"వెళ్ళొద్దని చెప్పు."

"చెప్పాను. విందుకి జడిసినవాడి మాట సభలో ఎవడు వింటాడని నన్నే అడిగాడు. పొలిక్లెస్‌ని అనుమానిద్దామా అంటే, నగరానికి రెండు యుద్ధనౌకలు ఊరికే ఇచ్చిన మహానుభావుడు. సాక్ష్యం లేకుండా వేలెత్తి చూపిస్తే జనం మనల్ని రాళ్ళతో కొడతారు." థ్రాసియాస్ చేప పేగులు కుండలోకి విసిరాడు. "సిమోన్ పొద్దున కబురు పెట్టాడు. ఏదో కనిపెట్టాడట. పో, కనుక్కో."

మెనోన్ వెళ్ళేసరికి సిమోన్‌ను తొట్టిలోంచి తీసి చాప మీద పడుకోబెట్టారు. ముఖం నిండా పూత. ఏడవటానికి ఎవరూ లేరు. మెనోన్ తన పైబట్ట తడిపి ఆ ముఖం తుడిచాడు. పూత మెత్తగా ఊడొచ్చింది. నోట్లోంచి నెత్తురు కారింది. బొమ్మ గీసే గీత ఎక్కడ మొదలుపెట్టాలో తనకి నేర్పింది ఈ మనిషే.

పిడికిలి బిగిసి ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. లోపల చిన్న పెంకు, మధ్యలో ఒక రంధ్రం. కుండలు కాల్చే ఆవంలో వేడి, పొగ సరిపోయాయో లేదో చూడటానికి ఇలాంటి నమూనా పెంకులు పెట్టి, మధ్యలో కొక్కెంతో లాగి చూస్తారు. సిమోన్ దాని మీద కూడా బొమ్మ వేశాడు. ఖాళీగా ఉన్న మట్టి కనిపిస్తే అతనికి చెయ్యి ఊరుకోదు. ఏథెన్స్ పాతకాలపు వీరుడు థీసియస్ మినోటార్‌ని పొడుస్తున్నాడు. ఎద్దుతల రాక్షసుడు మోకాళ్ళ మీద కూలిపోతున్నాడు.

మెనోన్ రెండోసారి చూశాడు. థీసియస్ కుడివైపున ఉన్నాడు.

కుమ్మరివాడలో పుట్టిన ఏ చిత్రకారుడూ అలా వెయ్యడు. గెలిచేవాడు ఎడమనుంచి కుడికి నడుస్తాడు. ఓడేవాడు కుడివైపు కూలతాడు. హెరాక్లెస్ సింహాన్ని చంపినా, అకిలీజ్ అమెజాన్ రాణిని చంపినా అంతే. తాతల నాటి నుంచీ చేతికి పట్టిన అలవాటు అది. నిద్రలో వేసినా సిమోన్ థీసియస్‌ని ఎడమవైపే వేస్తాడు. అంటే ఎవరో అడిగి మరీ వేయించుకున్నారు.

"పాపం, మంచోడు" అన్నాడు వెనకనుంచి ఆవం కాల్చే తిబియోస్. ఫ్రిజియా మనిషి, ఎద్దంత ఉంటాడు. "జారి పడ్డట్టున్నాడయ్యా."

"జారి పడి నాలుక కోసుకున్నాడా?"

మెనోన్ కళ్ళు తిబియోస్ చేతుల మీద ఆగాయి. ఆవం దగ్గర పనిచేసేవాడి చేతులకి మసి ఉండాలి. వీడికి మోచేతుల దాకా పూత ఎండి పగుళ్ళు వేసి ఉంది.

తిబియోస్ కూడా తన చేతులు చూసుకున్నాడు. మరుక్షణం మీదికి దూకాడు. ఒక్క గుద్దుకి మెనోన్ వెళ్ళి ఆవం గోడకి కొట్టుకున్నాడు. పన్ను ఊడింది. తిబియోస్ అతని మెడ పట్టి మంట నోటి వైపు ఈడ్చుకుపోయాడు. జుట్టు చిటపటమని కాలింది, కనుబొమ మాడిన వాసన వచ్చింది. మెనోన్ చెయ్యి నేల మీద తడుముకుని నమూనాలు లాగే కొక్కేన్ని పట్టుకుంది. అది కాలుతోంది. అయినా వదల్లేదు. వెనక్కి విసిరి తిబియోస్ భుజంలో దింపి, రెండు చేతులా లాగాడు. ఎముక విరిగిన చప్పుడైంది. ఇప్పుడు మంట ముందు తిబియోస్ ముఖం ఉంది.

"ఎవడు వేయించాడు?"

"తెలీదు!"

మెనోన్ ఒక జానెడు ముందుకి తోశాడు. తిబియోస్ గడ్డం అంటుకుంది.

"పొలిక్లెస్! పొలిక్లెస్ దొర! ఎనిమిది పాత్రలు, ఏడు మామూలువి, ఒక్కటి బొమ్మ తిరగేసి. తనే వచ్చి వేయించుకున్నాడు. తిరగేసినదానికి పట్టుకునే చెవి కింద గోటితో గీత కూడా తనే పెట్టుకున్నాడు. నాకంతే తెలుసు!"

"సిమోన్‌ని ఎందుకు చంపావు?"

"నోరు మూయించమన్నాడు..." అంటూనే తిబియోస్ నడుములోంచి చాకు లాగాడు. మెనోన్ కొక్కేన్ని వదిలి, రెండు కాళ్ళతో అతని వీపు మీద తన్నాడు. తిబియోస్ భుజాల దాకా మంట నోట్లోకి వెళ్ళి ఇరుక్కుపోయాడు. కేక ఆవం లోపలే తిరిగింది. అది ఆగేదాకా మెనోన్ అక్కడే నిలబడ్డాడు. జాలి పడదామని చూశాడు గానీ, రాలేదు. ఉన్న ఒక్క సాక్షీ కాలిపోయాడు; థ్రాసియాస్‌కి కబురు మాత్రం పెట్టాడు.

సాయంత్రం పొలిక్లెస్ ఇంటి వాకిట్లో ఒక వెకిలి మనిషి ప్రత్యక్షమయ్యాడు. బట్ట కింద దిండు కట్టిన బొజ్జ, సున్నం రాసిన ముక్కు, మెగారా యాస. పిలవని విందుకి వచ్చి, నవ్వించి, తిండి సంపాదించుకునేవాళ్ళు ఏథెన్స్‌లో ప్రతి వీధికీ ఒకడుంటాడు.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు కాపలావాడు.

"ఆకలిని. మనిషి రూపంలో వచ్చా."

లోపల్నుంచి నవ్వులు. పొలిక్లెస్ గొంతు వినిపించింది. "రానివ్వరా, సరదాగా ఉంటుంది."

ఎనిమిది మంది ఎడమ మోచేతుల మీద వాలి మంచాల మీద పడుకున్నారు. గోడ పక్క మొదటి మంచం మీద పొలిక్లెస్. వెండిజుట్టు, చల్లని నవ్వు, ఎవరికైనా తమ్ముణ్ని అప్పగించాలనిపించే ముఖం. అతని కుడిపక్కన తిమాండ్రోస్, ఎండకి మాడిన ఓడమనిషి, కబుర్లాడుతూ ఉల్లిపాయ కొరుకుతున్నాడు. అందరి చేతుల్లోనూ ఒకేలాంటి రెండు చెవుల పాత్రలు. బయట రెండు పెద్ద కళ్ళు చిత్రించి ఉన్నాయి. ఎవరు ఎత్తి తాగినా ముఖానికి తొడుగు పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. లోపల అడుగున బొమ్మ. నల్లటి మద్యం నిండి ఉన్నంతసేపూ అది కనబడదు.

మెనోన్ జోకులేస్తూ మంచాల చుట్టూ పాకాడు. తిమాండ్రోస్ దగ్గర అతని పాత్ర చెవి నాకుతున్నట్టు నటించి నాలుకతో తడిమాడు. గోటి గీత తగిలింది.

రెండో బాన ఖాళీ కావస్తోంది. అలవాటు ప్రకారం బానలు మూడు. మూడోది రక్షకుడైన జ్యూస్ పేర. దాన్ని అడుగంటా తాగాక, పాత్ర చెవిలో వేలు దూర్చి, అడుగున మిగిలిన మడ్డిని మధ్యలో నిలబెట్టిన కంచు పళ్ళెం మీదికి విసిరే ఆట. అప్పుడు పాత్రలు ఒక్కొక్కటే పక్కకి వంగుతాయి. అడుగు బొమ్మలన్నీ బయటపడతాయి. సిగ్నల్ ఎప్పుడో మెనోన్‌కి అర్థమైంది. కత్తి ఎవరిదన్నదే తేలాలి.

ఉమ్మెయ్యడానికన్నట్టు పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ మెలిట్టా కాలిపట్టీలు కట్టుకుంటోంది. మిలెటోస్ నుంచి వచ్చిన నర్తకి. ఆమె కత్తుల మధ్య పల్టీలు కొడుతుంటే ఏథెన్స్ పెద్దమనుషులు మాట మధ్యలో ఆపేసేవారు. పారశీకులు ఆమె తమ మనిషనుకుంటారు. థ్రాసియాస్ ఆమె తన మనిషనుకుంటాడు. డబుల్ ఏజెంట్. మెనోన్ మటుకు ఏమీ అనుకోకుండా ఆమెను ప్రేమిస్తున్నాడు, చెప్పలేదంతే.

"ఈ బొజ్జ నీకు బాగుందయ్యా" అంది ఆమె తలెత్తకుండానే.

మెనోన్ ఆమె కత్తి అంచు మీద వేలు పెట్టాడు. నెత్తురు చిమ్మింది. "ఆటకత్తికి ఇంత పదునెందుకే? నాకున్నవే మూడు వేళ్ళు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "నా తమ్ముడు ఎఫెసోస్‌లో వాళ్ళ చేతిలో ఉన్నాడు. నిన్న తేనె జాడీ ఒకటి వచ్చింది. లోపల వాడి చెవి."

"థ్రాసియాస్‌కి చెప్పలేదేం?"

"చెప్తే నన్ను కొండగోతిలోకి తోయిస్తాడు. నీ డ్యూటీ కూడా అదేగా. తొయ్యి మరి."

"నీకిచ్చిన ఆజ్ఞ ఏమిటి? ఉన్నదున్నట్టు చెప్పు."

"మడ్డి విసిరేటప్పుడు థీసియస్ కుడివైపున్న పాత్ర ఎవడి చేతిలో ఉంటే వాడి గొంతు కొయ్యాలి. వాడెవడో నాకు తెలీదు. ఆజ్ఞ ఇచ్చేదెవరో కూడా ఎప్పుడూ చూళ్ళేదు."

"అంతేనా?"

"అంతే. కోస్తేనే తమ్ముడు బతుకుతాడు."

మెనోన్ నెత్తురోడుతున్న వేలు నోట్లో పెట్టుకుని ఆమె వంక చూశాడు. "అయితే ఆజ్ఞ పాటించు. వెంట్రుకవాసి కూడా తప్పొద్దు."

ఆమె నమ్మలేనట్టు చూసింది. అతను అప్పటికే లోపలికి పరిగెత్తుతున్నాడు, బొజ్జ ఊపుకుంటూ.

మూడో బాన వచ్చింది. పాత్రలు నిండాయి. మెనోన్ తిమాండ్రోస్ మంచం ఎక్కి కూర్చున్నాడు.

"ఏమయ్యా లెమ్నోస్! మీ దీవిలో మర్యాదలేవీ లేవా? కడుపునిండా మేశావు, ఇంటాయనకి స్నేహపాత్ర ఇవ్వవా? మా మెగారాలో గాడిదలు కూడా ఇచ్చుకుంటాయి!"

అందరూ గొల్లుమన్నారు. తిమాండ్రోస్ ముఖం ఎర్రబడింది. "నిజమే, మరిచిపోయా" అంటూ తన పాత్ర ఎత్తి ఒక గుక్క తాగి, రెండు చేతులతో పొలిక్లెస్ ముందుకి చాపాడు. "పొలిక్లెస్, నీ స్నేహానికి. పాత్రతో సహా నీదే."

స్నేహపాత్ర వద్దంటే శత్రుత్వం ప్రకటించినట్టే. పుచ్చుకున్నవాడు చుక్క మిగల్చకుండా తాగాలి, ఇచ్చినవాడికి తన పాత్ర ఇవ్వాలి. పొలిక్లెస్ చల్లని నవ్వు అలాగే ఉంది గానీ, పై పెదవి మీద చెమట పట్టింది. వేలు పాత్ర చెవి కిందికి వెళ్ళింది, గీత మీద ఆగింది.

"నాకు... ఈ పూట ఎక్కువైంది తిమాండ్రోస్."

"ఏం, నా ఎంగిలి చేదా?" అన్నాడు తిమాండ్రోస్. ఇప్పుడతని గొంతులో సరదా లేదు.

పొలిక్లెస్ తాగాడు. పాత్ర బయటి రెండు పెద్ద కళ్ళూ గదిని చూస్తున్నాయి. వాటి వెనక అసలు కళ్ళు మద్యంలోంచి ఒక్కొక్కటిగా పైకి తేలుతున్న కొమ్మునీ, కత్తినీ చూస్తున్నాయి. తాగాడు, తన పాత్ర తిమాండ్రోస్‌కి ఇచ్చాడు, వెంటనే చెయ్యెత్తి అరిచాడు. "ఒరేయ్, పొయ్యరా! నింపు!"

పనివాడు నింపాడు. బొమ్మ మళ్ళీ మునిగిపోయింది. పొలిక్లెస్ ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడే వేణువు మొదలైంది. మెలిట్టా రెండు కత్తులతో గాల్లో పల్టీ కొట్టి గది మధ్యలో దిగింది. అతిథులు ఒక్కొక్కరే మడ్డి విసురుతున్నారు. పళ్ళెం టంగుమంటోంది. ఆమె ఒక్కో మంచం ముందూ తిరుగుతూ ఒక్కో పాత్రలోకి తొంగిచూస్తోంది. ఎడమ థీసియస్. ఎడమ థీసియస్. ఆరు మంచాలయ్యాయి. తిమాండ్రోస్ ఇంకా విసరలేదు, పొలిక్లెస్ తొణక్కుండా పట్టుకు కూర్చున్నాడు. మిగిలింది ఇద్దరు. ఒకడు ఇంటి యజమాని. యజమాని తన విందులో తానే చావడానికి పాత్ర పెట్టించుకోడు కదా.

లెక్క తేలిపోయిందనుకుంది మెలిట్టా. తిమాండ్రోస్ నవ్వుతూ పాత్ర వంచబోతున్నాడు. ఆమె ఒళ్ళు విల్లులా వెనక్కి వంగింది. కుడికత్తి అతని గొంతు మీదికి లేచింది.

అప్పటికే మంచం దిగి కూర్చున్న మెనోన్ నేలమీద నుంచే కాలు చాచి పొలిక్లెస్ మోచేతి కింద ఉన్న దిండుని తన్నేశాడు.

పొలిక్లెస్ పక్కకి ఒరిగాడు. మద్యం భళ్ళున తిమాండ్రోస్ ఒళ్ళో పడింది. ఖాళీ పాత్ర దీపాల వెలుగులో ఆమె ముందు తెరుచుకుంది. ఎర్రటి థీసియస్, కుడివైపున. ఎద్దుతల ఎడమకి కూలుతోంది.

"కాదు! నేను..." అన్నాడు పొలిక్లెస్.

గాల్లో ఉన్న కత్తి దారి మార్చుకుంది. గొంతు ఈ చెవినుంచి ఆ చెవిదాకా తెగింది. నెత్తురు మంచం దాటి కంచు పళ్ళెం మీద పడితే అది టంగుమంది. పొలిక్లెస్ చేత్తో గొంతు పట్టుకుని రెండడుగులు నడిచి, బానలో ముఖం పెట్టి చచ్చిపోయాడు.

అతిథులు బల్లలు తిరగేసి లేచారు. ఒకడు కూరగిన్నె ఎత్తి మెలిట్టా నెత్తిమీద కొట్టాడు. ఇంకొకడు చాకు లాగాడు. మెనోన్ దిండు బొజ్జనే డాలుగా అడ్డం పెట్టాడు. ఈకలు ఎగిరాయి. చాకు అతని డొక్కలో రెండంగుళాలు దిగింది. తిమాండ్రోస్ వాణ్ని మెడ పట్టి గోడకి కొట్టి, "ఎవడైనా కదిలితే ఎముకలు విరుస్తా!" అని ఓడ మీద అరిచినట్టు అరిచాడు. అప్పటికి గుమ్మంలో థ్రాసియాస్ విలుకాళ్ళతో నిలబడి ఉన్నాడు, చేపల కంపుతో సహా.

పొలిక్లెస్ పడకగదిలో బొమ్మ తిరగేసిన పాత్రలు మరో మూడు దొరికాయి. ఒక్కోదానికీ ఒక్కో పేరు చీటీ వేలాడుతోంది. ఒకదాని మీద పేరు థ్రాసియాస్‌ది.

"నాకు కూడానా! ఒక్కడైనా విందుకి పిలవలేదే ఇన్నాళ్ళూ" అన్నాడు ఆయన.

మర్నాడు సభలో తిమాండ్రోస్ మాట నెగ్గింది. జనం మూటలు కట్టుకుని రేవుకి పోతుంటే, సిమోన్ కొట్లో మెనోన్ డొక్కకి కట్టు కట్టుకుని చిత్రకారుడి పీట మీద కూర్చున్నాడు. పదేళ్ళ తర్వాత చేతిలో కుంచె. మెలిట్టా గుమ్మంలో నిలబడింది. పని పూర్తయిందని చెప్పడానికి రింగు పద్ధతి ఒకటుందని ఆమే చెప్పింది. థీసియస్ ఎడమవైపు, ఎలా ఉండాలో అలా ఉన్న పాత్ర ఎఫెసోస్ మీదుగా పారశీకుల నగరం సార్దిస్ చేరాలి. అది చూశాకే తమ్ముణ్ని వదులుతారు.

మూడు వేళ్ళతో గీత వణికింది. మొదటి పాత్ర పారేశాడు. రెండోదీ పారేశాడు. మూడోదానికి చెయ్యి తనంతట తనే ఎడమనుంచి మొదలైంది. మెనోన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ముక్కు వంకరగా ఉందయ్యా" అంది మెలిట్టా, అతని భుజం మీద గడ్డం ఆనించి.

"సిమోన్ ఉంటే చెంపమీద కొట్టేవాడు" అన్నాడు మెనోన్. ఆ పాత్రని సిమోన్ ఆవంలోనే కాల్చి, చివరి ఓడలో పంపారు.

నెల తిరక్కుండా ఒంటిచెవి తమ్ముడు సలమీస్ దీవిలో అక్కని వెతుక్కుంటూ దిగాడు. ఆ పాత్ర చేరిన రోజు సార్దిస్‌లో తిమాండ్రోస్ చచ్చాడని పెద్ద పండగ చేసుకున్నారని అతనే చెప్పాడు. సరిగ్గా ఆ పూటే తిమాండ్రోస్ సలమీస్ ఒడ్డున ఉల్లిపాయ కొరుక్కుంటూ తన కొత్త యుద్ధనౌక ఎక్కి, తెడ్లన్నీ తట్టి చూసి, పొలిక్లెస్ ఎంత ద్రోహి అయినా ఊరికిచ్చిన సరుకు మాత్రం నాణ్యమైనదే ఇచ్చాడని మెచ్చుకున్నాడు.